మైదాకు కంచె – తొమ్మిదో వారం: తిమ్మప్ప గజం

పోయిన వారం ఎంకమ్మను కంచె పక్కకు నిలవెట్టి, గుండె గొంతులకు తెచ్చి, మన దారిన మనం పోయినం. పాపం, వారం దినాల సంది ఆమె అట్లనే నిలవడ్డది, రెండు చేతులు కొంగు కింద దాచుకోని. జర పోయి చూద్దాం పాండ్రి.

కొత్తగ వచ్చినోళ్లు పరేషాన్ కావొద్దు, రెండు మాటల్ల చెప్త. వీపనగండ్లల నాగప్ప ఇంటికి, యేసయ్య ఇంటికి నడుమ ఒక మైదాకు కంచె ఉన్నది, గోరింటాకు చెట్లతోని పెంచింది. ముప్పై ఏండ్ల కింద నాగప్ప తండ్రి తిమ్మప్ప తన దొడ్డిల తూర్పు ముక్కను యేసయ్య తండ్రి దేవదాసుకు అమ్మి, తెల్లకాయితం మీద రాసిచ్చిండు. తూర్పు పడమర పద్నాలుగు గజాలు, ఉత్తరం దక్షిణం ఇరవై గజాలు. పెద్దమనుషులిద్దరు కాలం చేసిండ్రు. రెండేండ్ల కింద నాగప్ప కొడుకు జితేందర్ టేపు పట్టి చూస్తే, కంచె మూడున్నర అడుగులు తమ జాగల ఉన్నట్టు తేలింది. ‘కంచె పీకి గోడ కడ్త’ అన్నడు నాగప్ప. యేసయ్య ఇంటి బాత్రూంకు మూడు దిక్కులనే గోడలు, నాలుగో దిక్కు ఆ కంచెనే. ‘కంచె పోతే మా ఆడోళ్ల మానం బజార్ల వడ్తది’ అని యేసయ్య వనపర్తి కోర్టుకు పోయి స్టే తెచ్చిండు. ఇగ అప్పటి సంది మాటల్లేవు, పలకరింపుల్లేవు. ఆ ఇంటి కోడి ఈ ఇంటికి వస్తే గూడ పంచాదే.

అయితే మనకు, దేవునికి తప్ప ఎవరికి తెల్వని ముచ్చట ఒకటున్నది. ఆ కంచెల ఒక కంత ఉన్నది. మొగోళ్లు కోర్టుకు పోయిన దినమల్లా నాగప్ప పెండ్లాం ఎంకమ్మ ఇటు, యేసయ్య పెండ్లాం సత్యమ్మ అటు కూసోని, ఆ కంతల నుంచి గిన్నెలు మార్చుకుంటరు, కష్టం సుఖం చెప్పుకుంటరు. గోడ లేస్తే ఆ కంత పోతది. కంత పోతే ఎంకమ్మకు సత్యమ్మ పోతది.

ఈయాల కోర్టు పంపిన కమిషనర్, వకీలు ఉమ మేడం, సర్వేయర్ జగదీశ్‌ను ఎంటవెట్టుకోని జాగ చూడనీకి వచ్చింది. రెండు దిక్కుల వకీళ్లు గూడ వచ్చిండ్రు. వచ్చినోళ్లు వచ్చినట్టే ఒకే బండి మీద ఎక్కి చాయ్ తాగనీకి పోయిండ్రు. మేడం మాత్రం కంచె పొడుగూత నడుచుకుంట వచ్చి, సరిగ్గ కంత కాడ ఆగి వంగింది.

“ఈ కంత ఏంది?”

ఆ మాట కాడనే మనం ఆపినం.

“ఇంకేముంటది మేడం, వాళ్ల మేకలు!” నాగప్ప దబ్బున అందుకున్నడు. “దినాం నా కంచె మేస్తున్నయి.”

యేసయ్య మాట్లాడలే. ఆయన నోట్ల నుంచి మాట రావాలంటే ముహూర్తం చూడాలె. సత్యమ్మనే అన్నది, “మాకు మేకలే లేవు మేడం.”

మేడం కంతల నుంచి అటు చూసింది, ఇటు చూసింది. కొమ్మలు మూసుకపోకుండ ఒక నున్నటి కట్టె అడ్డం పెట్టి ఉన్నది. ఇటు దిక్కు కూసోనీకి ఒక బండరాయి. అటు దిక్కు బోర్లేసిన బకెట్టు.

“మేకలు బకెట్టు బోర్లేసుకోని కూసుంటయా?” అన్నది మేడం.

చూడనీకి వచ్చిన వాడకట్టోళ్లు కిసుక్కున నవ్విండ్రు. ఎంకమ్మ చేతులు కొంగు కిందికి ఇంకింత జరిపింది. ఆషాఢం నాలుగు దినాల్లనే పోతది, మైదాకు పెట్టుకోకుంటే ఎట్ల అని నిన్ననే పెట్టుకుంది మహాతల్లి. అరచేయి నిండ ఎర్రగ పండింది. ఇంకొక్క దినం ఆగి ఉంటే ఏం పోయేది!

“అనుమానమెందుకు మేడం?” అనుకుంట జితేందర్ ఫోన్ తీసిండు. “మొన్ననే ఎవరికి చెప్పకుండ మేడ మీద కెమెరా పెట్టిన. ఎవరన్న కంచె ముడితే ఫోన్ల గంట కొడ్తది. నిన్న పగటాల కొట్టింది. నేను ట్రాక్టర్ మీద ఉంటి, చూడలే. ఇప్పుడు అందరి ముంగట చూపిస్త.”

“అరే, ఛార్జింగ్ ఉన్నదో లేదో చూసుకో బిడ్డా,” అన్నది ఎంకమ్మ.

“తొంభై ఉన్నదమ్మా!”

వాడకట్టు మొత్తం ఫోన్ మీదికి వంగింది. మేడ మీది నుంచి తీసింది గద, కంచెకు రెండు దిక్కుల కనవడ్తున్నది. అటు దిక్కు బకెట్టు మీద సత్యమ్మ, ఒడిల గిన్నె, చేతిల అగ్గిపుల్ల. ఇటు దిక్కు నెత్తి నిండ కొంగు కప్పుకున్న ఒక మనిషి. ఆ మనిషి కుడిచెయ్యి కంతల నుంచి అటు పోయింది. సత్యమ్మ ఆ చెయ్యి పట్టుకోని, అగ్గిపుల్లతోని మైదాకు పెడ్తున్నది. పెడ్తనే ఉన్నది. నడుమ నడుమ ఇద్దరు నవ్వుడు, చెయ్యి కదిలితే సత్యమ్మ కసిరిచ్చుడు.

“ఎవరామె?” నాగప్ప కండ్లు చికిలించి చూసిండు. “మన దొడ్లకు ఎవరో జొరవడ్డరు రా!”

ముప్పై ఏండ్లకు పైన కాపురం చేసిన నెత్తిని గుర్తువట్టలే ఆ మనిషి! ఎంకమ్మకు భయం భయమే, కోపం కోపమే.

మేడం సత్యమ్మ చెయ్యి పట్టుకోని చూసింది. అరచేతిల చందమామ, చుట్టు తొమ్మిది చుక్కలు. “ఇసుంటి చెయ్యి ఇంకొకటి ఈడనే ఎక్కడనో ఉండాలె,” అనుకుంట ఒక్కొక్కరి చేతులు చూసుకుంట వచ్చింది. ఎంకమ్మ కాడికి వచ్చి ఆగింది. సత్యమ్మకు ముందుగాల నవ్వు ఆగలే. ఆమె ఫక్కుమన్నది. దాంతోని ఎంకమ్మకు గూడ ఇగ దాచుడు చాతగాలే.

“నాదే మేడం. నా చెయ్యే.” కొంగు తీసి అరచేయి చాపింది. తొమ్మిది చుక్కలు.

నాగప్ప మొఖం జేవురించింది. “ఎంకీ! రెండేండ్ల సంది కోర్టుకు తిరిగి తిరిగి నా చెప్పులరిగినయి. నువ్వు ఇంట్ల కూసోని దుష్మన్‌గాళ్లతోని సోపతి చేస్తున్నవా?”

“ఎడమ చేతికి నాకు నేను పెట్టుకుంట. కుడి చేతికి ఎవరు పెడ్తరు? నువ్వు పెడ్తవా?” అన్నది ఎంకమ్మ. ఒకసారి నోరు లేచిందంటే ఇగ ఆగదు మన ఎంకమ్మ. “దుష్మన్‌గాళ్లంట! మొన్న ఎండాకాలం గిన్నె నాకి నాకి తిన్నవే చింతచిగురు పప్పు, అది ఎవరు వండిండ్రనుకున్నవ్? ‘ఏమే, ఈ నడుమ నీ చెయ్యి మంచిగ తిరిగింది’ అంటివి గద. తిరిగింది నా చెయ్యి కాదు, సత్యమ్మది!”

వాడకట్టు ఘొల్లుమన్నది. యేసయ్య మెల్లగ పెండ్లాం దిక్కు తిరిగిండు.

“నా దిక్కు ఏం చూస్తవ్?” అన్నది సత్యమ్మ. “నువ్వు తింటున్న జొన్నరొట్టెలు గూడ అక్కవే. నాకు అంత పల్సగ కొట్టొస్తదా?”

ఇంత నవ్వుల నడుమ ఎంకమ్మ చూపు ఫోన్ మీద ఒక మూలకు పోయింది. పోయి అక్కడనే నిలిచింది. నవ్వు మాయమైంది.

“జితేందరూ, ఈ మూలకు కనవడ్తున్నది ఏందిరా? సత్యమ్మ వాళ్ల బాత్రూం కాదుర? దానికి నెత్తి మీద రేకు గూడ లేదు గదరా!”

జితేందర్ చూసిండు. మెడ దాక ఎర్రవడ్డడు. “అమ్మా, నేను కంచె కోసమే పెట్టిన. బీచుపల్లి అంజన్న మీద ఒట్టు. అది చూడనే లేదు.”

“నువ్వు చూడకుంటే నీ డబ్బా చూస్తున్నది గద! సత్యమ్మ బిడ్డ హెప్సిబాకు పెండ్లీడొచ్చింది. ఆ పిల్ల తానం చేసుడు మన ఫోన్లకు రావాల్నా? ఎక్కు పైకి. ముందు దాని మొఖం అటు తిప్పు.”

ఆరడుగులకు పైనున్న మనిషి మూడంగల్ల మేడ ఎక్కిండు. కెమెరాను బజారు దిక్కు తిప్పి, కిందికి వచ్చి తల వంచుకోని, “తప్పైంది చిన్నమ్మా,” అన్నడు. సత్యమ్మ కొంగుతోని కండ్లు ఒత్తుకుంది. మేడం అదంతా కాయితం మీద రాసుకుంది. “ఇట్లాంటివి తిప్పమనడానికి నాకు అధికారం లేదు, చూసింది రాయడమే నా పని. ఇంత తొందరగా తీర్పు ఇచ్చి అమలు చేసిన కోర్టును మాత్రం నేను ఇంతవరకు చూడలేదు,” అన్నది ఎంకమ్మ దిక్కు చూసి.

అంతా మంచిగనే ఉన్నది గద అనుకుంటున్నరా? ఆగుండ్రి. నవ్వు నవ్వే, కొలత కొలతే.

జగదీశ్ టేపు తీసిండు. తూర్పున బజారు అంచు కాడ మొదలువెట్టి పడమరకు లాక్కుంట వచ్చిండు. పద్నాలుగు గజాలు నిండిన కాడ సున్నంతోని గీత గీసిండు. ఆ గీత సరిగ్గ సత్యమ్మ బాత్రూం నడుమ, తానాలు చేసే బండ మీద వడ్డది. కంచె ఇంకా మూడున్నర అడుగుల అవతల ఉన్నది.

“కాయితం ప్రకారం హద్దు ఇదే మేడం,” అన్నడు.

సత్యమ్మ ఆ తెల్లగీతను చూసింది. ఇంతసేపు నవ్విన మనిషి గోడకు ఆనుకోని నిలవడ్డది. యేసయ్య వచ్చి పక్కకు నిలవడ్డడు. బొంబాయిల పదిహేనేండ్లు తట్టలు మోసి కట్టుకున్న ఇల్లు వాళ్లది.

“నేను ఉన్నది ఉన్నట్టే రాయాలె అమ్మా,” అన్నది మేడం మెల్లగ.

నాగప్ప మీసం మీదికి చెయ్యి పోయింది గని, ఎందుకో సగంలనే దిగింది. చింతచిగురు పప్పు యాదికొచ్చిందో ఏమో.

పద్నాలుగు. పద్నాలుగు. ఆ లెక్క ఎన్నడో ఎంకమ్మ తన చేతితోనే పెట్టినట్టున్నది. ఎప్పుడు? జితేందర్ కడుపుల ఉన్నడు, ఏడో నెల. నాగప్ప పల్లీలు అమ్మనీకి రాయచూరు పోయిండు. మామ దొడ్ల కొలుస్తున్నడు. ఆయనకు లెక్క మరుపు. అందుకే, ‘కోడలా, నువ్వు గడప మీద కూసోని ఒక్కొక్క గజానికి ఒక్కొక్క పల్లికాయ పక్కకు పెట్టు’ అన్నడు. పద్నాలుగు పల్లికాయలు పెట్టింది. మామ ఆగిన తావుల, తెల్లారి తను, కొత్తగ కాపురానికొచ్చిన సత్యమ్మ కలిసి మైదాకు పుల్లలు గుచ్చిండ్రు. ఇంత తావు తను, అంత తావు సత్యమ్మ. మరి టేపు యాడ వట్టిండు మామ? ఆయన చేతిల ఉన్నది టేపు కాదు. కట్టె.

“ఓ మేడం!” ఎంకమ్మ ఎంత గట్టిగ ఒర్లిందంటే కోళ్లు లేచినయి. “ఆగుండ్రి! మా మామ టేపుతోని కొలవలే!”

ఉరికి పోయి కంతల అడ్డం పెట్టిన కట్టెను పీకింది. రెండేండ్ల కింద అటక మీద దుమ్ముల ఉంటే, కొమ్మలు ఆపనీకి పనికొస్తదని తెచ్చి పెట్టింది. రెండేండ్లు దాని మీది నుంచే గిన్నెలు అటిటు చేసింది. ఒక్కనాడన్న తట్టిందా దాని పుట్టువేందో!

జగదీశ్ టేపుతోని ఆ కట్టెను కొలిచిండు. “మూడడుగుల మూడంగుళాలున్నదమ్మా. గజమంటే మూడడుగులే.”

“మా మామకు గజమంటే గిదే. ముక్కు కొన నుంచి వేలి కొన దాక చెయ్యి చాపి, కట్టె కోపిచ్చి, రెండు కొనలకు గాట్లు పెట్టుకున్నడు. మంచాలల్లినా, బాయి తవ్వినా ఊరంత దీన్నే అడుక్కపోయేది.”

“ఏ కట్టెనో తెచ్చి నాయన కట్టె అంటే ఎట్ల?” అన్నడు నాగప్ప. అన్నడు గని గొంతుల జోరు లేదు.

“నన్నెందుకు అడుగుతవ్? నీ ఈపును అడుగు, చెప్తది.”

నాగప్ప కట్టెను చేతిలకు తీసుకున్నడు. గాటు మీద బొటనవేలు పెట్టి రుద్దిండు. బడి ఎగ్గొట్టి చెరువు గట్టు మీద దొరికిన దినం యాదికొచ్చిందేమో, ఈపు తడుముకున్నడు. మొండిమనిషే గని అబద్ధమాడే మనిషి కాదు నాగప్ప. “నాయనదే మేడం,” అన్నడు.

మేడానికి ఇంకా అనుమానమే. అప్పుడు జగదీశ్‌కు ఉపాయం తట్టింది. “మనవడు తాత పోలికంటరు గద. రా జితేందర్, చెయ్యి చాపు.” కట్టె ఒక గాటు ముక్కు కొనకు ఆనిచ్చిండు. రెండో గాటు సరిగ్గ పోయి వేలి కొన కాడ వడ్డది. వెంట్రుకవాసి తేడా లేదు! వాడకట్టోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. నాగప్ప కొడుకును కొత్తగ చూస్తున్నట్టు చూసిండు.

“నేనే కొలుస్త,” అన్నడు. మోకాళ్ల మీద కూసోని బజారు అంచు కాడ కట్టె పెట్టిండు. ఎంకమ్మ గుప్పెడు పల్లికాయలు తెచ్చి, ముప్పై ఏండ్ల కింద లెక్కనే గడప మీద కూసున్నది. ఒకటి. రెండు. మూడు. పన్నెండో కాయ కాడ వాడకట్టోళ్లు గూడ లెక్కవెట్టుడు మొదలువెట్టిండ్రు. పదమూడు కాడ సున్నం గీత దాటింది. పద్నాలుగో గజం కొన పోయి మైదాకు మొదలుకు టక్కున తాకింది.

నాగప్ప కట్టె చేతవట్టుకోని లేచిండు. “నాయన మాట ఇచ్చిన జాగ ఇది,” అన్నడు. “నా గోడ వద్దు, ఏమొద్దు.”

సత్యమ్మ కంచె చుట్టు తిరిగి రావాలన్న సోయి గూడ లేక, కంతల నుంచే రెండు చేతులు ఇటు చాపింది. ఎంకమ్మ పోయి ఆ చేతులు పట్టుకుంది. పట్టుకోని ఏడ్చింది, నవ్వింది, మల్ల ఏడ్చింది. ఇగ ఎవరికీ భయపడే పని లేదు అనుకుంది.

తొందరపడ్డది.

“కాయితంల రెండు కొలతలున్నయి గద,” అన్నది మేడం పెన్ను తిప్పుకుంట. “ఒకటి కట్టెతోని, ఒకటి టేపుతోని రాస్తే జడ్జిగారు నన్ను అడుగుతరు. ఉత్తరం దక్షిణం ఇరవై గజాలు. అది గూడ ఈ కట్టెతోనే కొలవాలె.”

నాగప్ప మల్ల మోకాళ్ల మీద కూసున్నడు. యేసయ్య జాగ ఉత్తరం అంచు నుంచి దక్షిణానికి, నాగప్ప దొడ్డి మలిగిన దిక్కుకు, కొలుచుకుంట పోయిండు. ఎంకమ్మ పల్లికాయలు పక్కకు పెడ్తున్నది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. పంతొమ్మిదో గజం నిండక ముందే కట్టె గోడకు తాకింది.

గోడ ఎవరిదనుకున్నరు? ఎంకమ్మ కొత్త వంటింటిది! ముప్పై ఏండ్లు పొగల దగ్గుకుంట వండితే, నిరుడు జితేందర్ కట్టించిండు. నల్లరాయి గట్టు, గ్యాస్ పొయ్యి, గాలి ఆడే కిటికీ. కాయితం చూసి, టేపు పట్టి, ఇరవై గజాలకు సరిగ్గ గోడ లేపిండు. తాత గజం లెక్కన ఇంకా గజంన్నర లోపటికి పోవాలె. గజంన్నరంటే గట్టు పోయింది, పొయ్యి పోయింది, కిటికీ గూడ పోయింది.

ఎంకమ్మ చేతిల ఆఖరి రెండు పల్లికాయలు అట్లనే ఉండిపోయినయి. సత్యమ్మనే కంతల నుంచి తల పెట్టి అడిగింది, “ఎంకక్కా, ఈయాల నా జాగల ఏం వండినవ్?”

“బెండకాయ పులుసు,” అన్నది ఎంకమ్మ, ఏడుపు మొఖంతోని.

మేడం రాసింది చదివి వినిపించి, కాయితం ముంగటికి జరిపింది. “కట్టె మీ మామదని మీ ఆయన గూడ ఒప్పుకున్నడు గని, హద్దు దీంతోనే కొలిచిండని చెప్తున్నది నువ్వొక్కదానివే. ఆలోచించుకోని సంతకం పెట్టమ్మా.”

నాగప్ప పక్కకు వచ్చి నిలవడ్డడు. “ఎంకీ,” అన్నడు చిన్నగ. “నేను కట్టె నాయనదే అన్న, అంతవరకే. కొలిచింది చూసినదానివి నువ్వు. ‘నాకు సరిగ్గ యాదికి లేదు’ అని ఒక్క మాట అను. నీ వంటిల్లు నీకుంటది.”

ఎంకమ్మ వంటింటి దిక్కు చూసింది. ఆ నల్లరాయిని దినాం రెండుసార్లు తుడుస్తది. పండుకునే ముందు ఒకసారి పోయి చెయ్యి పెట్టి వస్తది. తర్వాత కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. చందమామ, తొమ్మిది చుక్కలు. ఆ చేతితోనే పెన్ను పట్టుకోని, ఒత్తి ఒత్తి సంతకం పెట్టింది.

“ఇగ నువ్వు చెప్పు యేసయ్యా,” అన్నది. “నా పొయ్యి తీస్తవా, ఉంచుతవా?”

పొద్దటి సంది ఒక్క మాట మాట్లాడని యేసయ్య ఇప్పుడు గూడ మాట్లాడలే. నాగప్ప చేతుల నుంచి కట్టె తీసుకున్నడు. మెల్లగ నడిచి పోయి, వంటింటి తలుపు కాడ చెప్పులు ఇడిచిండు. ఆయనే కాదు, ఆయన తండ్రి దేవదాసు గూడ ఆ ఇంటి గడప ఎన్నడు దాటి ఎరగడు. యేసయ్య దాటిండు. లోపటికి పోయి, తలుపు మూసి, గొళ్లెం పెట్టిండు.

లోపట కట్టె చప్పుడు రెండుసార్లైంది. తర్వాత గిన్నె మూత తీసిన చప్పుడు.

నాగప్ప ఉరికి పోయి తలుపు బాదిండు. “యేసయ్యా! ఏం చేస్తున్నవ్ లోపట?”

“జర ఓపిక పట్టు నాగప్పన్నా,” లోపటి నుంచి నిమ్మలంగ వినవడ్డది, రెండేండ్లల్ల నాగప్పతోని యేసయ్య అన్న మొదటి మాట. “మా జాగల మేం ఏం చేసుకుంటున్నమో చూడనీకి ఈడ కెమెరా లేదు గద!”